చిన్నారి చూపు మసకబారితే... దువాతోపాటు దవా కూడా

మగ్రిబ్ నమాజు అయ్యాక మసీదు వరండాలో పిల్లలు ఖాయిదా ముందు పెట్టుకుని వల్లె వేస్తుంటారు. అరబీ అక్షరాలు దిద్దినవారందరికీ ఒక సంగతి తెలుసు. ‘బే’, ‘తే’, ‘సే’ మూడింటికీ ఆకారం ఒకటే. కింద ఒక చుక్క ఉంటే ‘బే’, పైన రెండు చుక్కలుంటే ‘తే’, మూడుంటే ‘సే’. ‘జీమ్’, ‘హే’, ‘ఖే’లదీ అదే తీరు. అక్షరానికీ అక్షరానికీ ఉన్న తేడా అంతా ఆవగింజంత చుక్కలోనే ఉంది. నిన్నమొన్నటిదాకా చక్కగా చదివిన పిల్లవాడు ‘తే’ను ‘బే’ అని, ‘ఖే’ను ‘హే’ అని చదవడం మొదలుపెడితే ఉస్తాద్ ఏమనుకుంటారు? ధ్యాస తప్పిందనుకుంటారు. ఇంటికి కబురు పంపుతారు. ఇంట్లో తండ్రి ఆ నేరాన్ని సెల్‌ఫోన్ మీదికి తోస్తాడు. తల్లి, ‘సరిగ్గా తినడం లేదు, అందుకే’ అంటుంది. పిల్లవాడికి ఆ చుక్క కనపడడం లేదేమోనన్న అనుమానం మాత్రం అన్నిటికన్నా ఆఖరున వస్తుంది.

ఆ అనుమానం వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. తల్లి గోడమీది క్యాలెండరు చూపించి ‘అదేమిటి బేటా, చదువు’ అంటుంది. వాడు కళ్లు చికిలించి చూస్తాడు. ఒక కన్ను మూసి చదవమంటుంది. చదువుతాడు. రెండో కన్ను మూసి చదవమంటుంది. ‘అమ్మీ, ఏమీ కనపడడం లేదు’ అంటాడు. వాడికి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. తల్లికీ ఇప్పుడే తెలిసింది. కనుక ఇద్దరికీ చూపు ‘అకస్మాత్తుగా’ పోయినట్లే ఉంటుంది.

నిజానికి ఇలాంటి సందర్భాల్లో చాలావాటిలో చూపు ఆ రాత్రి పోయింది కాదు. ఒక కన్ను బాగా పనిచేస్తున్నంత కాలం పిల్లలకు రెండో కంటి లోపం తెలియదు. పుట్టినప్పటినుంచి మసకగానే చూస్తున్న బిడ్డ, లోకమంతా అలాగే ఉంటుందనుకుంటుంది. ఇతరులకు ఎలా కనిపిస్తుందో దానికెలా తెలుస్తుంది? ‘నాకు కనపడడం లేదు’ అని పిల్లలు చెప్పకపోవడం దాచడం కాదు. హిఫ్జ్ చేసే పిల్లల విషయంలో ఈ లోపం బయటపడడం మరింత ఆలస్యమవుతుంది. వారు చెవితో విని, నోటితో అప్పజెబుతారు. జ్ఞాపకశక్తి చురుకుగా ఉన్న పిల్లవాడు పేజీ మీది అక్షరం సరిగా కనపడకపోయినా పారాలకు పారాలు దాటిపోతాడు.

అయితే కొన్ని సందర్భాల్లో చూపు నిజంగానే హఠాత్తుగా పోతుంది. అప్పుడు గంటలు లెక్కపెట్టుకోవాలి. ఏది నెమ్మదిగా చూపించుకోవచ్చు, ఏది ఈ పూటే చూపించాలి అన్న విచక్షణ తల్లిదండ్రులకు ఉండాలి. మన ఇళ్లలో లోపిస్తున్నది ప్రేమ కాదు, ఈ విచక్షణే.

నజర్ నిజమే, కానీ...

బిడ్డ కన్ను ఎర్రబడినా, మెల్లబడినా, చూపు తగ్గినా ముందుగా దాదీమాకో నానీమాకో తట్టేది నజర్. ఎండుమిర్చి, ఉప్పు తిప్పి నిప్పుల్లో వేస్తారు. మౌల్వీ సాహెబ్ దగ్గర నీళ్లు దమ్ చేయించి తెస్తారు. మెడలో తావీజు పడుతుంది. ఇంకా తగ్గకపోతే గురువారం దర్గాకు ప్రయాణం. ఇవన్నీ అయ్యేసరికి వారం, పది రోజులు, ఒక్కోసారి నెల గడిచిపోతుంది.

దిష్టి అనేది ఉందని ప్రవక్త మహమ్మద్ (స) చెప్పినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. దానినుంచి అల్లాహ్ శరణు కోరుతూ ఖురాన్ చదవడాన్ని ఆయన అనుమతించారు. సూరె ఫలఖ్, సూరె నాస్ చదివి బిడ్డ మీద ఊదే తల్లిని ఎవరూ తప్పుపట్టరు. కానీ అదే ప్రవక్త (స), వ్యాధిని సృష్టించిన అల్లాహ్ దానికి మందునూ సృష్టించాడని చెప్పి చికిత్స చేయించుకోవాలని ఆదేశించారు. ఒంటెను కట్టకుండా వదిలి దైవం మీద భారం వేయాలా, కట్టి వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టమని చెప్పిన వృత్తాంతం మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. కంటి విషయం వచ్చేసరికి ఆ కట్టుతాడు పెద్దలకే గుర్తు రాదు. రెండు సూరాలు చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అది బస్సులోనూ చదవవచ్చు, ఆసుపత్రి వరుసలో నిలబడీ చదవవచ్చు. ఆలస్యం చేసేది దువా కాదు. దువా పేరు చెప్పి ఇంట్లో కూర్చోవడమే ఆలస్యం.

కంటి వైద్యం ముస్లింలకు పరాయి విద్య కూడా కాదు. 9వ శతాబ్దిలో బాగ్దాద్‌లో హునైన్ బిన్ ఇస్‌హాఖ్ అనే క్రైస్తవ పండితుడు కంటి గురించి పది ప్రకరణాల గ్రంథం రాశాడు. ఆ తర్వాత అదే నగరంలో అలీ బిన్ ఈసా రాసిన ‘తజ్కిరతుల్ కహ్హాలీన్’ కొన్ని శతాబ్దాలపాటు నేత్ర వైద్యులకు పాఠ్యగ్రంథంగా నిలిచింది. కహ్హాల్ అంటే కంటి వైద్యుడు. 1000వ సంవత్సరం ప్రాంతంలో అమ్మార్ బిన్ అలీ మౌసిలీ బోలు సూదితో శుక్లాన్ని పీల్చి తీసే పద్ధతిని వివరించాడు. 965లో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్, వస్తువు మీద పడిన వెలుగు కంటికి చేరినప్పుడే చూపు కలుగుతుందని ప్రయోగపూర్వకంగా వివరించాడు. ఇవాళ కంటి డాక్టరు బిడ్డ కంట్లోకి లైటు వేసి చూస్తున్నప్పుడు జరిగేది ఆ విద్యకు కొనసాగింపే. దానికి భయపడడం దేనికి?

సుర్మా సంగతి

ఇది కాస్త సున్నితమైన మాట. సుర్మా సున్నత్ కదా అంటారు. ప్రవక్త (స) ఇస్మద్ అనే సుర్మాను మెచ్చుకున్నారని, నిద్రపోయే ముందు వాడేవారని హదీసుల్లో ఉన్నది నిజమే. కానీ బజారులో చిన్న సీసాలో, కాగితపు పొట్లంలో దొరికే నల్ల పొడి అంతా ఇస్మద్ కాదు. ఎక్కువగా అమ్ముడుపోయే సుర్మా రాయి సీసపు ఖనిజం. వివిధ దేశాల్లో పరీక్షించిన సుర్మాల్లో సీసం బయటపడింది. సీసం కంటినుంచి, ముక్కునుంచి, బిడ్డ కళ్లు నలిపి ఆ వేళ్లు నోట్లో పెట్టుకోవడం వల్ల ఒంట్లోకి చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను, చదువును, రక్తాన్ని అది దెబ్బతీస్తుంది. ఒంట్లో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదు అనే పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా ఒకే సలాక ఇంటిల్లిపాది కళ్లలో తిరిగితే ఒకరి కలక అందరికీ అంటుకుంటుంది. పెద్దలు తమ కళ్లకు ఏం పెట్టుకుంటారో వారిష్టం. చూపు తగ్గిందని పసిబిడ్డ కంట్లో సుర్మా రెట్టింపు పెట్టడం మాత్రం మానుకోవాలి. తేనె, చనుబాలు, ఆముదం, గులాబ్ జల్ కూడా అంతే.

అంతకంటే ప్రమాదమైనది మందుల దుకాణంలో చీటీ లేకుండా తెచ్చుకునే చుక్కల మందు. ఎండాకాలంలో చాలామంది పిల్లలకు కళ్లు దురద పెడతాయి, ఎర్రబడతాయి, తీగలాంటి పుసి వస్తుంది. ఇది అలర్జీ. దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేయగానే మంత్రం వేసినట్లు తగ్గుతుంది. ఎందుకంటే అందులో స్టెరాయిడ్ ఉంటుంది. మళ్లీ దురద, మళ్లీ అదే సీసా. నెలల తరబడి ఇలా వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు, దానితోపాటు శుక్లం వచ్చే ప్రమాదం ఉంది. నొప్పి ఉండదు కనుక ఇంట్లో ఎవరికీ తెలియదు. నరం దెబ్బతిని చూపు పక్కలనుంచి తరిగిపోయాక ‘ఉన్నట్టుండి చూపు పోయింది’ అంటూ వస్తారు. నీటికాసులవల్ల పోయిన చూపు తిరిగి రాదు. స్టెరాయిడ్ చుక్కలు చెడ్డవి కావు. డాక్టరు చూసి, ఎన్నాళ్లు వేయాలో చెప్పి, మధ్యలో కంటి ఒత్తిడి కొలుస్తూ ఇవ్వాల్సిన మందు అది.

ఈ పూటే బయలుదేరాల్సినవి

మన ఇళ్లలో పాన్‌దాన్ ఉంటుంది. అందులో సున్నం ఉంటుంది. ఈ రోజుల్లో సున్నం చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లోనూ వస్తోంది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని నొక్కితే చటుక్కున పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. సున్నం కంటికి నిప్పుకన్నా చెడ్డది. క్షారం కంటి పొరల్లోకి చొచ్చుకుపోతూనే ఉంటుంది. అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. అక్కడికక్కడే, ఉన్నచోటే, శుభ్రమైన నీళ్లతో కడగాలి. వుజూ కుళాయి దగ్గరుంటే అదే చాలు. రెప్పలు విప్పి పట్టుకుని, ధారగా, కనీసం ఇరవై ముప్పై నిమిషాలు కడగాలి. బిడ్డ ఏడుస్తుంది, గింజుకుంటుంది. ఆపకూడదు. కడిగిన తర్వాతే ఆటో ఎక్కాలి. ముందు ఆటో ఎక్కి ఆసుపత్రికి పరిగెత్తినవారి బిడ్డకంటే, ముందు కడిగి నిదానంగా వెళ్లినవారి బిడ్డకు చూపు దక్కే అవకాశం ఎక్కువ. బాత్‌రూమ్ యాసిడ్‌కైనా ఇదే పద్ధతి.

గుచ్చుకున్న గాయం సంగతి వేరు. బిళ్లంగోడు తగిలినా, పెన్సిలు, కాంపస్ ముల్లు, చీపురుపుల్ల గుచ్చుకున్నా, టపాకాయ ముక్క తగిలినా కడగకూడదు, నలపకూడదు, నొక్కి కట్టు కట్టకూడదు. ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకకూడదు. కాగితం గ్లాసు అడుగు భాగంలాంటిది కంటిమీద ఒత్తిడి పడకుండా అడ్డంగా పెట్టి, అలాగే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కనుక దారిలో ఏమీ తినిపించకూడదు.

పండుగ పూట తీసిన ఫొటోలు ఒకసారి తీసి చూడండి. ఈద్‌నాడు కొత్తబట్టలు వేసి, టోపీ పెట్టి, ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో పిల్లల కనుపాపలు ఎర్రగా మెరవడం మామూలే. ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా లేదా పసుపుగా మెరుస్తుంటే మాత్రం ఆ ఫొటో పట్టుకుని అదే వారంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చీకట్లో పిల్లి కన్నులా మెరుస్తోందని ఇంట్లోవాళ్లు అనుకునేదీ ఇదే. ఫొటో తీసిన కోణంవల్ల కూడా అలా పడవచ్చు. పుట్టుశుక్లం కావచ్చు. కానీ అయిదేళ్లలోపు పిల్లల్లో రెటీనాకు వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సరు కూడా కావచ్చు. త్వరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలామందిలో కన్ను కూడా దక్కుతుంది. ఆలస్యమైతే అది కంటి నరం వెంట మెదడుకు పాకుతుంది. బిడ్డను బతికించడానికి కన్ను తీసేయాలని డాక్టరు చెప్పినప్పుడు ‘కన్ను తీయనివ్వం’ అని ఇంటికి తీసుకెళ్లిపోయే కుటుంబాలు ఉన్నాయి. ఆ తల్లిదండ్రుల దుఃఖం అర్థం చేసుకోదగ్గదే. కాని బిడ్డ మన ఆస్తి కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ప్రాణం నిలపడానికి కన్ను తీయించడం అమానత్‌లో ఖియానత్ కాదు. ఈ జబ్బు వచ్చిన బిడ్డ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలి. కొన్ని కుటుంబాల్లో ఇది వంశంలో ఉంటుంది.

ఇంకా కొన్ని ఉన్నాయి. జ్వరం వచ్చి తగ్గిన కొద్ది రోజులకు చూపు రెండు మూడు రోజుల్లో దిగిపోతే కంటి నరం వాచి ఉండవచ్చు. తగిన చికిత్స అందితే చాలామంది పిల్లలు కోలుకుంటారు. కొత్తగా మెల్ల వచ్చినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు ఉన్నా తలలో ఒత్తిడి పెరిగి ఉండవచ్చు. అప్పుడు కళ్లద్దాల షాపుకు కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. చూపు మసకతోపాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గిపోవడం కనిపిస్తే ఆ రోజే రక్తంలో చక్కెర చూపించాలి. చిన్నపిల్లలకు షుగర్ ఏమిటని తేలిగ్గా తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

పరీక్షలన్నీ చేసినా కంట్లో, నరంలో ఏ లోపమూ కనపడని పిల్లలు కూడా ఉంటారు. వారికి నిజంగానే కనపడడం లేదనిపిస్తుంది. బడి మారడం, ఇంట్లో గొడవలు, హాస్టల్ బెంగ, చదువు భారం, ఎవరో కొట్టడం, ఇలా లోపలి బాధ ఏదో కంటి రూపంలో బయటికి వస్తుంది. ‘కళ్లన్నీ బాగానే ఉన్నాయి, నాటకాలాడుతోంది’ అని ఇంటికొచ్చి కొట్టడంకన్నా అన్యాయం లేదు. జిన్ పట్టిందని ఆమిల్‌ల చుట్టూ తిప్పడమూ అంతే. పక్కన కూర్చోబెట్టుకుని, ఏం జరిగిందో మెల్లగా అడగాలి. చెప్పకపోతే కొన్నాళ్లాగి మళ్లీ అడగాలి.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది?

హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నం, కర్నూలులోని ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ప్రభుత్వానివి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థ విశాఖ, విజయవాడల్లో కూడా పనిచేస్తోంది. స్తోమత లేనివారికి అక్కడ ఉచితంగా వైద్యం చేస్తారు. దగ్గర్లోని పి.హెచ్.సి. లేదా జిల్లా ఆసుపత్రినుంచి చీటీ రాయించుకుని వెళ్తే పని సులువవుతుంది. పెద్ద డాక్టరు అవసరమా అని సందేహిస్తూ కళ్లద్దాల దుకాణంలో కంప్యూటరు పరీక్షతో సరిపెట్టుకోవడం పిల్లల విషయంలో పనికిరాదు.

కారణముంది. పిల్లల కంటిలోని కండరం చాలా బలంగా పనిచేసి అసలు లోపాన్ని కప్పేస్తుంది. అందుకే డాక్టర్లు చుక్కల మందు వేసి ఆ కండరానికి కాసేపు విశ్రాంతి ఇచ్చి, లైటుతో లోపాన్ని కొలుస్తారు. మందు వేశాక కనుపాప పెద్దదవుతుంది. వెలుతురు చూడలేరు, దగ్గరివి అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. మందునుబట్టి ఇది ఒక రోజు ఉండవచ్చు. అట్రోపిన్ ఆయింట్‌మెంటు పెడితే పది పదిహేను రోజులు కూడా ఉండవచ్చు. ‘ఆసుపత్రికి తీసుకెళ్తే ఉన్న చూపు కూడా పోయింది’ అని భయపడి రెండో పరీక్షకు వెళ్లకుండా మానేసేవారు ఇక్కడే తప్పిపోతారు. అక్షరాలు రాని పిల్లలకు బొమ్మలతో, గీతలతో చూపు పరీక్షించే పద్ధతులున్నాయి. బిడ్డకు చదువు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

రమజాన్‌లో ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఉపవాసంలో కంట్లో చుక్కలు వేయవచ్చా? కంటి చుక్కలవల్ల రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ నిర్ణయించింది. యుక్తవయస్సు రాని పిల్లలకు రోజా విధే కాదు. కనుక రమజాన్ అయ్యాక చూపిద్దాం అనే మాటకు తావే లేదు.

అద్దాలు పెట్టుకుంటే పెళ్లవుతుందా?

లోపం అద్దాలతో సరిపోయేదే అయితే షుక్ర్ చేయాల్సింది పోయి మరో బెంగ మొదలవుతుంది. అబ్బాయైతే తోటివాళ్లు ‘చష్మా’ అంటూ వెక్కిరిస్తారని, అమ్మాయైతే రేపు సంబంధాలు రావని. ఆరేళ్ల పిల్ల పెళ్లి గురించి బెంగపడి, ఆ పిల్ల చదువును పణంగా పెట్టే పెద్దలకు ఏం చెప్పాలి? అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్నది అపోహ. పిల్లవాడు ఎదిగేకొద్దీ కనుగుడ్డు పొడవు పెరిగి హ్రస్వదృష్టి నంబరు మారుతుంది. అద్దాలు తీసి దాచినంత మాత్రాన అది ఆగదు.

ఒక కన్నుకు నంబరు ఎక్కువ, రెండో కన్నుకు తక్కువ ఉంటే, లేదా మెల్లకన్ను ఉంటే, మెదడు బలహీనమైన కన్ను పంపే బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. దీన్నే డాక్టర్లు లేజీ ఐ అంటారు. అద్దాలిచ్చి, బాగున్న కన్నును రోజుకు కొన్ని గంటలు మూసి, బలహీనమైన కన్నుతో పని చేయిస్తారు. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగా ఉంటుంది. ఆ తర్వాత కూడా కొంత ప్రయోజనం ఉంటుంది కాని, ఏడాది గడిచేకొద్దీ కష్టమవుతుంది. ‘మెల్లకన్ను అదృష్టం’ అని వదిలేసిన పిల్లలు పెద్దయ్యాక డ్రైవింగ్ లైసెన్సుకో, పోలీసు ఉద్యోగానికో వెళ్లినప్పుడు ఆ అదృష్టం ఏమిటో తెలుస్తుంది. కంటిమీద ప్లాస్టరుతో ఉన్న పిల్లవాడిని చూసి బంధువులు తలోమాట అంటారు. తల్లి కొంచెం గట్టిగా ఉండాలి.

దూరపుచూపు లోపం రాకుండా పిల్లలు రోజూ రెండు గంటలైనా ఆరుబయట వెలుతురులో గడపడం మేలు చేస్తుందని పరిశోధనల్లో తేలింది. బడి వదలగానే ట్యూషన్, ట్యూషన్ కాగానే మక్తబ్, ఆ తర్వాత ఫోన్. మన పిల్లలు ఎండ ముఖం చూసేదెప్పుడు? అస్ర్‌కూ మగ్రిబ్‌కూ నడుమనున్న వేళను ఆటకు వదిలేస్తే బాగుంటుందని మక్తబ్ నడిపే పెద్దలకు ఒక విన్నపం.

సాయంత్రమైతే తడుముకుంటుంటే...

సందె చీకటి పడగానే బిడ్డ గడప తడుముకుంటుంటే రేచీకటి. కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ కనిపిస్తే విటమిన్ ఎ లోపం ముదురుతోందని అర్థం. ఈ లోపం వల్ల మన దేశంలో ఒకప్పుడు ఎందరో పసివారు గుడ్డివారయ్యారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో పిల్లలకు విటమిన్ ఎ మోతాదులిచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతోపాటు లక్ష యూనిట్లు, ఆపైన ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు చొప్పున అయిదేళ్లదాకా వేస్తారు. అంగన్‌వాడీలో, ఉపకేంద్రంలో ఉచితం. టీకాలంటే సందేహించే ఇళ్లలో ఈ రెండూ ఒకేసారి తప్పిపోతున్నాయి. తట్టు వచ్చిన బిడ్డ కళ్లు పాడవడం పాతకాలపు పెద్దలు చూసిందే. మునగాకు, పాలకూర, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, కలేజీ, వీటిలో ఏదీ మన వంటింటికి కొత్తది కాదు.

మందు వేసినా, తిండి పెట్టినా తగ్గని రేచీకటి మరొకటి ఉంది. ఎనిమిది పదేళ్ల వయసులో మొదట రాత్రి చూపు, ఆ తర్వాత పక్కచూపు తగ్గుతూ చివరికి గొట్టంలోంచి చూసినట్లు అవుతుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే ఈ జబ్బు చాలావరకు వంశపారంపర్యం. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో ఇలాంటి జబ్బులు ఎక్కువగా బయటపడతాయి. మేనరికం ఆంధ్ర, తెలంగాణ సమాజమంతటా ఉన్నదే. మనలో చాచా పిల్లల మధ్య, ఖాలా పిల్లల మధ్య కూడా సంబంధాలు కలుపుకుంటాం. షరీఅత్ వాటిని అనుమతించింది, విధిగా చేయలేదు. ఇంట్లో ఒక బిడ్డకు ఇలాంటి జబ్బు ఉందని తేలాక, అదే కుటుంబంలో మళ్లీ సంబంధం కలుపుకునే ముందు జన్యు సలహా ఇచ్చే డాక్టరును అడగడం ఈమాన్‌కు విరుద్ధం కాదు. కోడలి కడుపును తిట్టిపోయడం మాత్రం మానుకోవాలి. ఇలాంటి జబ్బుల్లో చాలావాటికి లోపం తల్లినుంచీ తండ్రినుంచీ కలిసి వచ్చిందే.

బడి పిల్లలకు కంటి పరీక్షలు చేసే ఏర్పాట్లు కొన్ని జరిగాయి. కేంద్రం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. తెలంగాణలో 2018లో కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో బడి పిల్లలతో మొదలుపెట్టి మరో కంటి వెలుగు కార్యక్రమం నడిచాయి. అయితే బడిలో పేరు లేకుండా మదరసాలోనే ఉండి చదివే పిల్లలు ఇలాంటి పరీక్షలకు అందకుండా పోతుంటారు. జుమా తర్వాత మసీదు ఆవరణలో ఏడాదికొకసారి పిల్లల కంటి పరీక్ష పెట్టించడం కమిటీలకు పెద్ద ఖర్చు కాదు. డాక్టర్లు వస్తారు, పిలవాలి.

తిరిగి రాని చూపు

అన్ని ప్రయత్నాలూ చేశాక కూడా కొందరు బిడ్డల చూపు తిరిగి రాదు. ‘మేం ఏ పాపం చేశాం’ అని కుమిలిపోయే తల్లిదండ్రులను ఎన్నో ఊళ్లలో చూస్తాం. యాఖూబ్ ప్రవక్త (అ) కొడుకు కోసం దుఃఖించి చూపు కోల్పోయిన వృత్తాంతం దివ్య ఖురాన్‌లోనే ఉంది. ఆయన ప్రవక్త. అంధత్వం పాపానికి శిక్ష అయితే ఆ కథను మనం ఎలా చదువుకోవాలి? రెండు కళ్లూ పోయినా సహనం వహించినవారికి స్వర్గం ప్రతిఫలమని ప్రవక్త (స) శుభవార్త చెప్పారు. అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలోనే ‘అబస’ సూరా తొలి ఆయతులు అవతరించాయి. మదీనాలో ఫజ్ర్ అజాన్ ఇచ్చే బాధ్యత ఆయన నిర్వహించారు. ప్రవక్త (స) ఊరు విడిచి వెళ్లిన సందర్భాల్లో మదీనా బాధ్యతను ఆయనకు అప్పగించారు. అంటే కళ్లు లేని మనిషికి ఒక మూల, ఒక పూట తిండి కాదు, ఒక పదవి, ఒక పని ఇచ్చారు.

ఆ బిడ్డకూ కావాల్సింది అదే. కొద్దిపాటి చూపు మిగిలి ఉంటే దాన్ని వాడుకునేలా భూతద్దాలు, ప్రత్యేక అద్దాలు ఇచ్చే లో విజన్ విభాగాలు పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉన్నాయి. ఏమాత్రం చూపు లేకపోతే బ్రెయిలీలో చదువుంది, బ్రెయిలీలో ఖురాన్ కూడా ఉంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సదుపాయం సెల్‌ఫోన్లలోనే వస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ప్రభుత్వ వైద్యులు ధ్రువీకరిస్తే చదువులో, ఉద్యోగంలో రిజర్వేషన్ వర్తిస్తుంది. ఆ పత్రం కోసం తిరగడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఈలోగా బడిలో ముందు బెంచీ, మదరసాలో పెద్ద అక్షరాల ముస్‌హఫ్, పరీక్షలో కాస్త ఎక్కువ సమయం ఇప్పించమని ఉపాధ్యాయుల్ని అడగవచ్చు. తండ్రి ఒకసారి వెళ్లి, కూర్చుని, బిడ్డకు ఎంత దూరం, ఎంత అక్షరం కనిపిస్తుందో వారికి వివరంగా చెప్పి రావాలి.